సర్ జేమ్స్ రోజ్ ఇన్నెస్: పురపాలక సంఘానికి హద్దు చెప్పిన న్యాయమూర్తి

1920లో దక్షిణాఫ్రికా అప్పీలు న్యాయస్థానం ఒక కిరాణా వ్యాపారి కంపెనీకి, ఒక పురపాలక సంఘానికి నడుమ నడిచిన వ్యాజ్యంలో తీర్పు వెలువరించింది. వ్యాపారి భారతీయుడు. పురపాలక సంఘం జోహనెస్‌బర్గ్‌కు పడమటనున్న క్రూగర్స్‌డార్ప్ అనే బంగారు గనుల పట్టణానిది. భారతీయుల కంపెనీ పేరిట ఆ పట్టణంలో ఉన్న స్థలాల హక్కు చెల్లదని సంఘం వాదించింది. చెల్లుతుందని న్యాయస్థానం చెప్పింది. నాటి ప్రధాన న్యాయమూర్తి సర్ జేమ్స్ రోజ్ ఇన్నెస్. ఈ దేశంలో న్యాయశాస్త్రం చదివిన వారందరికీ ఆ పేరు తెలుసు. చెరకు తోటల నుండి పైకి వచ్చిన మన కుటుంబాలలో మాత్రం తెలిసినవారు తక్కువ. గాంధీగారి పేరు మన ఇళ్లలో నిలిచినట్లు ఆ కాలపు న్యాయమూర్తి పేరు నిలవకపోవడం సహజమే.

అయినా ఆయన జీవితాన్ని మనం తెలుసుకోవడానికి కారణం ఉంది. కష్టార్జితంతో సంపాదించిన స్థిరాస్తి, అంటే నేల, ఇల్లు, దుకాణం వంటి కదలని ఆస్తి, ఎంతవరకు కొన్నవాడిది? ఊరిని పాలించే సంఘం దానిని ఎంతవరకు శాసించగలదు? గిరిమిట్ ముగించుకొని తోట బయట అడుగు పెట్టిన నాటి నుండి మన పూర్వులను వెంటాడిన ప్రశ్న ఇదే. గిరిమిట్ అయిదేళ్లతో తీరింది. ఈ ప్రశ్న మూడు తరాలైనా తీరలేదు. ఒక న్యాయమూర్తి ఆ ప్రశ్నకు ఎంత సమాధానం ఇవ్వగలడో ఇన్నెస్ అంత ఇచ్చారు. అది ఎంత గట్టిదో, ఎక్కడ చాలలేదో ఆయన కథలోనే కనిపిస్తుంది.

జేమ్స్ రోజ్ ఇన్నెస్ 1855 జనవరి 8న కేప్ కాలనీ తూర్పు ప్రాంతంలోని గ్రాహమ్స్‌టౌన్‌లో జన్మించారు. ఆయన తాతగారి పేరు కూడా జేమ్స్ రోజ్ ఇన్నెసే. ఆ పెద్దాయన 1822లో స్కాట్లండ్ నుండి ఉపాధ్యాయుడిగా వచ్చి, తరువాత కేప్ కాలనీ విద్యాశాఖకు మొదటి అధిపతి అయ్యారు. తండ్రి ప్రభుత్వోద్యోగి, ఆఫ్రికన్ ప్రజల వ్యవహారాలను చూసే శాఖలో పనిచేశారు. మనవడు సోమర్సెట్ ఈస్ట్‌లోని గిల్ కళాశాలలో చదివి, 1878లో కేప్‌టౌన్‌లో న్యాయవాదిగా నమోదయ్యారు. 1881లో జెస్సీ ప్రింగిల్‌ను వివాహమాడారు. వారికి ఒక్కతే కుమార్తె, పేరు డొరొతీ. ఆమె సంగతి చివరలో మళ్లీ వస్తుంది.

1884లో ఇన్నెస్ కేప్ శాసనసభకు ఎన్నికయ్యారు. ఆనాటి కేప్ ఓటు చట్టంలో రంగు ప్రస్తావన లేదు. ఆస్తి లేక ఆదాయం ఉన్న పురుషుడు, ఏ జాతివాడైనా, ఓటు వేయవచ్చు. ఇన్నెస్ జీవితమంతా ఈ పద్ధతినే నమ్మారు. దీనిని సమానత్వం అనలేము. ఆస్తి లేనివాడికి అందులో చోటు లేదు, స్త్రీకి అసలే లేదు. ఆస్తి సంపాదించినవాడిని మాత్రం రంగు చూసి తోసివేయదు, అంతే. ఆస్తికీ పౌరుడి గౌరవానికీ ఉన్న ఈ ముడి ఆయన ఆలోచనలో మొదటి నుండీ ఉన్నదని గుర్తుంచుకుంటే, తరువాతి తీర్పులు సులభంగా అర్థమవుతాయి.

1890లో సెసిల్ రోడ్స్ మంత్రివర్గంలో ఆయన అటార్నీ జనరల్ అయ్యారు. అదే సంవత్సరం ఒక బిల్లు సభకు వచ్చింది. యజమాని మాట వినని పనివాడికి మేజిస్ట్రేటు కొరడా దెబ్బలు విధించవచ్చునన్నది దాని సారం. జనం దానిని తోలుపట్టీ బిల్లు అని పిలిచారు. ప్రధానమంత్రి రోడ్స్ దానికి అనుకూలంగా ఓటు వేశారు, ఇన్నెస్ ఎదిరించారు. బిల్లు నెగ్గలేదు. అదే కాలంలో నేటాల్ చెరకు తోటలలో యజమాని చీటీ లేకుండా తోట దాటిన మన తాతముత్తాతలు నేరస్థులుగా మేజిస్ట్రేటు ముందు నిలబడేవారు. అటువంటి చట్టాల కింద బతికిన వారి సంతానం కనుక, ఈ బిల్లు ఓటమి మనకు పరాయి కథ కాదు.

అయితే ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. 1892లో ఓటుకు కావలసిన ఆస్తి విలువను 25 పౌండ్ల నుండి 75 పౌండ్లకు పెంచిన చట్టం ఆయన సభ్యుడిగా ఉన్న మంత్రివర్గమే తెచ్చింది. ఆఫ్రికన్ ఓటర్ల సంఖ్యను అదుపులో పెట్టడమే దాని ఉద్దేశమని అందరికీ తెలుసు. చట్టంలో రంగు పేరు లేదు కనుక సరే అనుకునే బలహీనత ఇన్నెస్‌లో ఉన్నది. మరుసటి సంవత్సరం రైల్వే ఫలహారశాలల కాంట్రాక్టును టెండరు పిలవకుండా సర్ జేమ్స్ సివరైట్ అనే మంత్రి తన మిత్రుడికి కట్టబెట్టినప్పుడు, ఇన్నెస్, మరి ఇద్దరు మంత్రులు ఆయనతో కలిసి పనిచేయబోమన్నారు. మంత్రివర్గం విచ్ఛిన్నమైంది. ఆయన స్వభావానికి ఈ సంఘటన మంచి సాక్ష్యం. ప్రజాధికారం చేతిలో ఉన్నవాడు దానిని నియమం ప్రకారమే వాడాలి. స్నేహం కొద్దీ కాదు, ద్వేషం కొద్దీ కాదు.

బోయర్ యుద్ధం ముగిసే నాటికి, 1902లో, ఆయన ట్రాన్స్‌వాల్ ప్రధాన న్యాయమూర్తిగా నియమితులయ్యారు. అక్కడ ఆయనకు ఎదురైన పరిస్థితిని తెలుసుకోవాలంటే ముందుగా మన నేటాల్ వైపు ఒకసారి చూడాలి.

నేటాల్‌లో స్వేచ్ఛ పొందిన గిరిమిటీ భూమి కొనవచ్చు. తిరుగు ప్రయాణపు ఖర్చుకు బదులు ప్రభుత్వ భూమి తీసుకునే వీలు కూడా 1891 వరకు చట్టంలో ఉండేది. కొందరు కౌలుకు, కొందరు సొంతంగా, డర్బన్ చుట్టుపక్కల కూరగాయల తోటలు వేశారు. కానీ పంట అమ్ముకోవడానికి దుకాణం కావాలి. దుకాణానికి లైసెన్సు కావాలి. 1897లో వచ్చిన వ్యాపార లైసెన్సుల చట్టం ఈ లైసెన్సును పూర్తిగా పట్టణ సంఘం చేతిలో పెట్టింది. సంఘం నియమించిన అధికారి కాదంటే, అప్పీలు ఆ సంఘానికే చేసుకోవాలి. న్యాయస్థానాలకు వెళ్లే దారిని చట్టమే మూసింది. న్యూకాసిల్ పట్టణ వ్యాపారి ఒకరు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్లినా ఆ తలుపు తెరుచుకోలేదు. గోడలు, సరుకు ఉన్నా దుకాణం తెరిచే హక్కు లేనివాడికి ఆ గోడలు ఎందుకు? ఆస్తిని లాక్కోకుండానే దానిని నిరుపయోగం చేయవచ్చునని మన పెద్దలు అక్కడే నేర్చుకున్నారు. లైసెన్సు పునరుద్ధరణను నిరాకరిస్తే న్యాయస్థానానికి వెళ్లవచ్చునని చట్టం మార్చడానికి 1909 దాకా పట్టింది.

ట్రాన్స్‌వాల్‌లో పరిస్థితి మరీ కఠినం. అక్కడి 1885 నాటి 3వ చట్టం ఆసియా జాతులవారు స్థిరాస్తికి యజమానులు కారాదని శాసించింది. ఆ జాతుల జాబితాలో కూలీ అనే మాట ఉన్నది. మన భాషలో కూలి అంటే చేసిన పనికి ముట్టే ప్రతిఫలం; ఆ చట్టం దానిని ఒక జాతి పేరుగా మార్చివేసింది. తరువాతి సవరణలు లొకేషన్ అనే ప్రత్యేక వాడలో మాత్రం భూమి ఉంచుకోవచ్చునని, ఆరోగ్య కారణాలపై ఆసియావాసుల నివాసానికి ప్రభుత్వం వీధులను, వాడలను నిర్ణయించవచ్చునని చేర్చాయి.

ఇన్నెస్ న్యాయపీఠం ఎక్కిన మరుసటి సంవత్సరం, 1903లో, జోహనెస్‌బర్గ్ పట్టణ సంఘంపై ఒక వ్యాజ్యం వచ్చింది. దావా వేసినది ఒక పెద్ద గనుల కంపెనీ. తగవు పన్ను కోసం ఆస్తులకు విలువ కట్టడం గురించి. భారతీయులకు దానితో సంబంధమే లేదు. అయినా ఆ తీర్పులో ఇన్నెస్ చెప్పిన సూత్రం ఈ దేశపు పరిపాలనా న్యాయానికి పునాది అయింది. చట్టం ఒక సంస్థకు ఒక బాధ్యతను అప్పగించినప్పుడు, ఆ సంస్థ చట్టంలోని ముఖ్యమైన నియమాలను పక్కన పెట్టినా, ఘోరమైన అక్రమానికి పాల్పడినా, న్యాయస్థానం ఆ వ్యవహారాన్ని పిలిపించి సరిదిద్దవచ్చును. ఈ అధికారాన్ని ఏ శాసనమూ విడిగా ఇవ్వనక్కరలేదు. అది న్యాయస్థానానికి స్వతస్సిద్ధం.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. అప్పీలు వేరు, పునఃపరిశీలన వేరు. ఊరి పెద్దలు తగవు తీర్చారనుకుందాం. వారు చెప్పిన మాట మంచిదా చెడ్డదా అని అడగడం అప్పీలు. అసలు ఆ మాట చెప్పే అధికారం వారికి ఉన్నదా, ఇరువైపులా విని చెప్పారా అని అడగడం పునఃపరిశీలన. పట్టణ సంఘం తెలివైన నిర్ణయం చేసిందా లేదా అన్నది తన పని కాదని ఇన్నెస్ భావించారు. సంఘం తన గట్టు దాటిందా అన్నదే తన పని. రైతు బిడ్డలకు ఈ పోలిక కొత్త కాదు: గట్టు లోపల ఏ పంట వేసినా అడిగేవాడు ఉండడు, గట్టు దాటితే అడుగుతారు.

మరుసటి ఏడు, 1904లో, హబీబ్ మోతన్ అనే వ్యాపారి ట్రాన్స్‌వాల్ ప్రభుత్వంపై వేసిన దావా ఆయన ముందుకు వచ్చింది. ఆసియావాసుల నివాసాన్ని లొకేషన్‌కు పరిమితం చేయవచ్చునని చట్టం అంటున్నది సరే. వ్యాపారాన్ని కూడా అక్కడికే తోయవచ్చునా? యుద్ధానికి ముందు, 1898లో, బోయర్ గణతంత్రపు న్యాయస్థానం తోయవచ్చునని తీర్పు చెప్పి ఉన్నది. నివాసం అనే మాటలో వ్యాపారం కూడా ఇమిడి ఉన్నదని అప్పటి వాదన. ఇన్నెస్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ తీర్పును అంగీకరించలేదు. నివాసం అంటే నివాసమే. శాసనకర్తలు వ్యాపారాన్ని కూడా ఆపదలచుకుంటే ఆ మాట రాసి ఉండేవారు. రాయని మాటను న్యాయమూర్తి చేర్చరాదు. భారతీయులు లొకేషన్ బయట వ్యాపారం చేయవచ్చును, వారికి లైసెన్సు ఇవ్వవలసిందే. భారతీయ వ్యాపారులు ఊపిరి పీల్చుకున్నారు. శ్వేతజాతి వ్యాపారులు మండిపడ్డారు. చట్టాన్ని మార్చమని ప్రభుత్వంపై ఒత్తిడి తెచ్చారు.

ఆ రోజులలోనే జోహనెస్‌బర్గ్‌లోని భారతీయుల లొకేషన్ మరో దారిన పోయింది. అక్కడివారికి తమ స్థలాలపై 99 ఏళ్ల కౌలు హక్కు ఉండేది. అపరిశుభ్ర ప్రాంతమన్న కారణంతో పట్టణ సంఘం 1903లో ఆ వాడ మొత్తాన్ని స్వాధీనం చేసుకుంది. పరిహారం కోసం దాదాపు 70 మంది తరఫున గాంధీగారు పోరాడారు. ఒక్కటి తప్ప అన్నీ గెలిచారు. కానీ స్వాధీనం చేసుకున్న తరువాత సంఘం ఆ వాడను శుభ్రం చేయలేదు, అద్దె మాత్రం వసూలు చేసింది. 1904 మార్చిలో ప్లేగు వచ్చింది. వాసులను ఖాళీ చేయించి వాడకు నిప్పు పెట్టారు. పరిహారం చెల్లించి, చట్టం మాటలను పాటించి చేసిన పని ఇది. ఇన్నెస్ చెప్పిన గట్టుకు లోపలే జరిగింది. ఆయన సూత్రపు లోటును ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనిపించదు.

1910లో నాలుగు కాలనీలు కలిసి దక్షిణాఫ్రికా యూనియన్ అయ్యాయి. బ్లూమ్‌ఫాంటేన్‌లో అప్పీలు న్యాయస్థానం వెలిసింది. ఇన్నెస్ అందులో న్యాయమూర్తి అయ్యారు. 1914లో లార్డ్ డి విలియర్స్ మరణించగా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన తీర్పు ఇక నేటాల్‌కూ వర్తిస్తుంది, అంటే మన వాళ్లకు కూడా.

క్రూగర్స్‌డార్ప్ కథకు వద్దాం. ట్రాన్స్‌వాల్‌లో భారతీయుడి పేరిట భూమి రిజిస్టరు కాదు కనుక, చాలామంది నమ్మకస్థుడైన శ్వేతజాతీయుడి పేరిట స్థలం కొనేవారు. పేరు అతడిది, డబ్బు వీరిది. ఆ మనిషి చనిపోయినా దివాలా తీసినా వీరి పరిస్థితి దైవాధీనం. క్రమంగా రెండవ దారి దొరికింది: కంపెనీ. ఇద్దరు భారతీయులు చట్టప్రకారం కంపెనీ స్థాపిస్తారు, వాటాలన్నీ వారివే, స్థలం కంపెనీ పేరిట రిజిస్టరు అవుతుంది. ఎం. ఎం. దాదూ అనే వ్యాపారి ఆ విధంగానే దాదూ లిమిటెడ్ అనే కంపెనీ ద్వారా క్రూగర్స్‌డార్ప్‌లో స్థలాలు పొందారు. వాటాలలో దాదాపు అన్నీ ఆయనవే. 1946 నాటి సత్యాగ్రహంలో నేటాల్ నాయకుడు డాక్టర్ మాంటీ నాయకర్‌తో కలిసి నిలిచిన డాక్టర్ యూసుఫ్ దాదూ ఆ వ్యాపారి కుమారుడే.

క్రూగర్స్‌డార్ప్ పురపాలక సంఘానికి భారతీయ దుకాణాలు కంటగింపు. ముందుగా 1919లో టి. డబ్ల్యూ. బెకెట్ అనే శ్వేతజాతి కంపెనీపై కోర్టుకు వెళ్లి, భారతీయుడికి స్థలం అద్దెకివ్వకుండా ఉత్తర్వు సంపాదించింది. బంగారు భూముల గురించిన 1908 నాటి చట్టం ఇందుకు దానికి అక్కరకు వచ్చింది. యజమాని ఇష్టపడి అద్దెకిస్తున్నాడు, కిరాయిదారు ఇష్టపడి ఉంటున్నాడు. మధ్యలో సంఘం వచ్చి కాదన్నది. ఎన్నో దుకాణాలు ప్రమాదంలో పడ్డాయి. భారతీయులు పార్లమెంటుకు మొర పెట్టుకున్నారు. అదే సంవత్సరం పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1919 మే 1 నాటికి ఉన్న వ్యాపారాలకు అది రక్షణ ఇచ్చింది. ఆ చేత్తోనే, ఆ తేదీ తరువాత భారతీయుల కంపెనీలు స్థిరాస్తి కొనకుండా దారి మూసింది.

ఆ తేదీకి ముందు కొన్నవాటి సంగతేమిటి? సంఘం దాదూ లిమిటెడ్‌పై తగవు పెట్టింది. కంపెనీ అనేది ముసుగు, ముసుగు తీస్తే ఉన్నది ఆసియావాసి, కనుక 1885 చట్టం ప్రకారం ఆ హక్కు చెల్లదన్నది దాని వాదన. కింది న్యాయస్థానంలో సంఘం గెలిచింది. తగవు బ్లూమ్‌ఫాంటేన్ చేరింది.

ఇన్నెస్ వాదం మెట్టుమెట్టుగా సాగుతుంది. కంపెనీ చట్టం దృష్టిలో ఒక ప్రత్యేక వ్యక్తి. వాటాదారులు మారినా అది మారదు. దాని ఆస్తి దానిదే, వాటాదారులది కాదు. ఇంగ్లండులోని ప్రభువుల సభ 1896లోనే ఈ సంగతిని స్థిరపరచింది. 1885 చట్టం ఆసియా జాతికి చెందిన మనుషులను నిషేధించింది; కంపెనీకి జాతి లేదు. మరి ఇది చట్టాన్ని మోసగించడం కాదా? దీనికి ఆయన ఇచ్చిన సమాధానమే ఆ తీర్పుకు ప్రాణం. ఒక పని చేస్తూ మరో పని చేస్తున్నట్లు నటిస్తే అది మోసం. న్యాయస్థానం ఆ వేషాన్ని తొలగించి చూస్తుంది. చట్టం నిషేధించని మార్గాన్ని ఎంచుకొని, చెప్పినది చెప్పినట్లే చేస్తే, అది మోసం కాదు. ఇక్కడ కంపెనీ నిజంగానే భూమిని కొన్నది. చట్టం ఉద్దేశం నెరవేరలేదని సంఘానికి అనిపించవచ్చు. ఆ లోటును పూడ్చవలసినది పార్లమెంటు, న్యాయమూర్తి కాదు.

అంతటితో ఆయన ఆగలేదు. మనిషి మౌలిక హక్కులకు అడ్డు వచ్చే శాసనాన్ని దాని అక్షరాలకు మించి చాచరాదని, బిగువుగా, అంటే ఎంత రాసి ఉన్నదో అంతకే, చదవాలని ఆయన స్పష్టం చేశారు. ఆస్తి కలిగి ఉండటం అటువంటి హక్కేనని ఆయన భావన. ధర్మాసనంలో ఏకాభిప్రాయం లేదు; భిన్నాభిప్రాయం రాసినవారు ఉన్నారు. ఎక్కువమంది ఇన్నెస్ వైపు నిలిచారు. కంపెనీ గెలిచింది, సంఘం ఓడింది.

ఇన్నెస్ ఈ తీర్పులో 1885 చట్టాన్ని కొట్టివేయలేదు. ఆయనకు ఆ అధికారం లేదు. నాటి రాజ్యాంగంలో పార్లమెంటే సర్వోన్నతం. అది ఎంత అన్యాయమైన చట్టం చేసినా, సరైన పద్ధతిలో చేసి ఉంటే, న్యాయమూర్తి దానిని అమలు చేయవలసిందే. ఆయన చేయగలిగినది ఒక్కటే: అన్యాయాన్ని దాని అక్షరాలలో బంధించడం. పట్టణ సంఘం ఆ అక్షరాలను లాగి, సాగదీసి, పక్కింటి గడప దాకా తేవాలని చూసినప్పుడు, అక్కడితో ఆగు అనడం. కొందరు విమర్శకులు ఇది చాలదంటారు. నిజమే, చాలదు. కానీ క్రూగర్స్‌డార్ప్‌లో ఆ సంవత్సరం దుకాణం తలుపు తెరిచిన మనిషికి ఆ మాట విలువ వేరు.

పట్టణ సంఘాలు ఆ తీర్పు నుండి తమ పాఠం తాము నేర్చుకున్నాయి. ఉన్న చట్టం చాలకపోతే కొత్త చట్టం కావాలి. 1922లో నేటాల్ ప్రాంతీయ మండలి ఒక ఆర్డినెన్సు చేసి, డర్బన్ సంఘం తన భూములను అమ్మేటప్పుడు కొనేవారి జాతిపై షరతు పెట్టే అధికారాన్ని ఇచ్చింది. 1924లో మరో ఆర్డినెన్సు భారతీయుల పురపాలక ఓటును కొత్తవారికి లేకుండా చేసింది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఓటు లేనివాడిపై సంఘానికి భయం ఉండదు. భయం లేని సంఘానికి అధికారం చేతికిస్తే ఏమవుతుందో డర్బన్‌లోని తెలుగు, తమిళ, హిందీ కుటుంబాలు తరువాతి నలభై ఏళ్లలో చూశాయి.

ఇన్నెస్ 1927లో పదవీ విరమణ చేశారు. ఆయన వయసు అప్పుడు 72. ఇంట్లో కూర్చోలేదు. కేప్ ప్రాంతపు ఆఫ్రికన్ల ఓటును తీసివేయడానికి ప్రభుత్వం సిద్ధమవుతుండగా, 1929లో జాతిభేదం లేని ఓటు హక్కు కోసం ఏర్పడిన సంఘానికి ముందు నిలిచారు. యువకుడిగా సభలో నమ్మినదానినే వృద్ధుడిగా వేదికలపై చెప్పారు. ఫలితం దక్కలేదు. 1936లో ఆ ఓటర్లను సాధారణ జాబితా నుండి తొలగించారు.

కుమార్తె డొరొతీ 1905లో జర్మనీకి చెందిన కౌంట్ ఫాన్ మోల్ట్కేను వివాహమాడి ఆ దేశం వెళ్లింది. ఆమె పెద్ద కుమారుడు హెల్ముట్ జేమ్స్. తాతగారి పేరులోని జేమ్స్ అతనికి వచ్చింది. తాతగారి వృత్తి కూడా వచ్చింది. న్యాయవాది అయిన అతడు హిట్లర్ పాలనను వ్యతిరేకించిన క్రైసావ్ బృందానికి నాయకుడు. 1945 జనవరిలో నాజీలు అతనికి మరణశిక్ష అమలు చేశారు. తాత దానిని చూడలేదు. ఇన్నెస్ 1942 జనవరి 16న కన్నుమూశారు. ఆయన ఆత్మకథ 1949లో అచ్చయింది.

ఆయన పోయిన మరుసటి ఏడే, 1943లో, డర్బన్‌లో భారతీయులు శ్వేతజాతీయుల నుండి భూమి కొనడాన్ని నిలిపివేస్తూ చట్టం వచ్చింది. 1946లో దానిని విస్తరించారు. 1950లో జాతుల వారీగా నివాస ప్రాంతాలను విడదీసే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఈసారి అక్షరాలలో లోపం లేదు. కంపెనీ ముసుగు, నమ్మకస్థుడి పేరు, ఇలాంటి దారులన్నీ ఆలోచించి మూశారు. డర్బన్ నగర సంఘం తానే ముందుకు వచ్చి, ఏ వాడ ఏ జాతికి చెందాలో పటం గీయించింది. కేటో మేనర్‌లో మూడు తరాలుగా తోటలు, ఇళ్లు, గుళ్లు కట్టుకున్నవారు ఆ పటంలో తప్పు రంగు వైపు పడ్డారు.

డర్బన్‌కు సంబంధించిన ఆ ప్రకటనలపై తగవు 1961లో అప్పీలు న్యాయస్థానానికే వెళ్లింది. ఒక జాతి నుండి ఇంత తీసుకొని మరో జాతికి ఇంత ఇవ్వడం అసమానమని భారతీయుల తరఫున వాదించారు. ఇన్నెస్ కూర్చున్న ఆ పీఠమే ఈసారి వేరుగా చదివింది. ఇటువంటి చట్టం చేసినప్పుడే గణనీయమైన అసమానత తప్పదని పార్లమెంటుకు తెలిసి ఉంటుందని, కనుక ఆ అధికారం చట్టంలో ఇమిడే ఉన్నదని చెప్పింది. రాయని మాటను చేర్చరాదన్న 1904 నాటి నియమం, హక్కులను హరించే శాసనాన్ని బిగువుగా చదవాలన్న 1920 నాటి నియమం పుస్తకాలలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రోజు వాటికి బలం లేకపోయింది. దాదూ తీర్పును నేటికీ ఈ దేశపు న్యాయవాదులు ఉదహరిస్తూనే ఉన్నారు. 1961 తీర్పు వచ్చిన మూడేళ్లకు, 1964లో, డర్బన్‌కు దక్షిణాన భారతీయుల కోసం చాట్స్‌వర్త్ తెరిచారు.